పిల్లికి ఫ్లీ కాలర్ కొనే ముందు అట్ట వెనక చదవాల్సింది, వేశాక మెడ దగ్గర చూడాల్సింది

ఫ్లీ కాలర్ పిల్లికి మంచిదా కాదా అని అడిగితే ఒక్క మాటలో జవాబు చెప్పలేం. ఫ్లీ అంటే బొచ్చులో ఉండి రక్తం పీల్చే చిన్న పురుగు. కాలర్ అంటే దాన్ని చంపే మందు కలిపి పోతపోసిన, మెడకు కట్టే ప్లాస్టిక్ పట్టీ. ఆ మందు ఏమిటి, ఎంత ఉంది, ఏ జంతువు కోసం చేశారు అన్నదే అసలు సంగతి. ఒక కాలర్ ఏడెనిమిది నెలలు ఏ ఇబ్బందీ లేకుండా పనిచేస్తుంది. పక్కనే అదే ధరలో, అదే రంగులో ఉన్న ఇంకో కాలర్ కొన్ని గంటల్లో పిల్లి ప్రాణం మీదకి తెస్తుంది. అట్ట మీద పిల్లి బొమ్మ ఉందా అని చూస్తే సరిపోదు, వెనక్కి తిప్పి చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేరు చదవాలి.

మొట్టమొదట వెతకాల్సిన పేరు పెర్మెత్రిన్. కుక్కలకు వాడే మందుల్లో ఇది మామూలే. కుక్కల వీపు మీద వేసే చుక్కల మందుల్లో 45 నుంచి 65 శాతం దాకా ఉంటుంది. పిల్లికి మాత్రం ఇది విషం. కుక్క కాలేయం ఎన్నో రసాయనాలకు గ్లూకురోనిక్ ఆమ్లాన్ని జోడించి, నీళ్లలో కరిగేలా మార్చి బయటికి పంపేస్తుంది. పిల్లి కాలేయంలో ఆ పని చేసే ఎంజైమ్‌లు చాలా బలహీనం. అందుకే మందు ఒంట్లోనే నిలిచిపోయి నరాలను అదే పనిగా రెచ్చగొడుతుంది. చెవులు, ముఖం అదరడంతో మొదలై ఒళ్లంతా వణుకు, తర్వాత ఫిట్స్, ఒంటి వేడి విపరీతంగా పెరగడం దాకా వెళ్తుంది. చాలా పిల్లుల్లో ఇది కొన్ని గంటల్లోనే కనిపిస్తుంది, కొన్నిట్లో ఒకట్రెండు రోజులు పడుతుంది. కుక్క కాలర్‌ని కత్తిరించి చిన్నది చేసి పిల్లికి కట్టేవాళ్లున్నారు. పొడవు తగ్గినంత మాత్రాన మందు మారదు. దయచేసి ఆ పని చేయకండి. డెల్టామెత్రిన్ ఉన్న కుక్క కాలర్లకూ ఇదే వర్తిస్తుంది.

రెండో పేరు అమిట్రాజ్. కుక్కల పిడుదుల కాలర్లలో వాడతారు. పిల్లికి ఇది తగిలితే ఎక్కువగా కనిపించేది వణుకు కాదు, పిల్లి మత్తుగా కూలబడిపోతుంది. గుండె నెమ్మదిస్తుంది, ఒళ్లు చల్లబడుతుంది, రక్తంలో చక్కెర పెరుగుతుంది. బాగా నిద్రపోతోందిలే అనుకుని వదిలేసే ప్రమాదం ఉంది కాబట్టి ఇది ఇంకా మోసకారి.

ఇక పాతకాలపు మందులు. టెట్రాక్లోర్విన్‌ఫాస్ ఆర్గానోఫాస్ఫేట్ జాతిది, ప్రొపోక్సర్ కార్బమేట్ జాతిది. రెండూ నరాల సంకేతాలను అదుపులో ఉంచే కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్‌ను అడ్డుకుంటాయి. మోతాదు మించితే చొంగ కారడం, కళ్లు కారడం, వాంతులు, విరేచనాలు, కంటిపాపలు సూదిమొనలా కుంచించుకుపోవడం కనిపిస్తాయి. ఈ కాలర్ల మందు బొచ్చు మీద పొడిలా రాలి చేతులకు అంటుతుంది. పిల్లిని నిమిరి ఆ చేతిని నోట్లో పెట్టుకునే పసిపిల్లలున్న ఇంట్లో ఇది చిన్న విషయం కాదు. అమెరికాలో 2014లో అక్కడి పర్యావరణ పరిరక్షణ సంస్థతో కుదిరిన ఒప్పందం ప్రకారం ప్రొపోక్సర్ కాలర్ల తయారీ ఆగిపోయింది, దానికి కారణం కూడా పిల్లల ఆరోగ్యమే. ఇంతకన్నా మంచివి దొరుకుతున్నప్పుడు ఈ రెండు మందులున్న కాలర్ కొనడానికి నాకైతే ఏ కారణమూ కనిపించదు.

మంచివి అంటే ఎక్కువగా వినిపించేది ఇమిడాక్లోప్రిడ్, ఫ్లుమెత్రిన్ అనే రెండు మందులు కలిపిన సెరెస్టో కాలర్. పిల్లులకు వాడే 38 సెంటీమీటర్ల పట్టీలో 1.25 గ్రాముల ఇమిడాక్లోప్రిడ్, సుమారు 0.56 గ్రాముల ఫ్లుమెత్రిన్ ఉంటాయి. ఫ్లుమెత్రిన్ కూడా పెర్మెత్రిన్ కుటుంబానిదే కదా అన్న అనుమానం రావాలి, వస్తే మంచిదే. తేడా ఏమిటంటే పట్టీ నుంచి ఇది రోజుకు అతి కొద్దిగా, నెలల తరబడి వెలువడుతుంది. చర్మం మీది కొవ్వు పొరలో పాకుతుంది తప్ప ఒంట్లోకి పెద్దగా వెళ్లదు. పైగా పిల్లుల మీద పరీక్షించి, పిల్లుల కోసమే అనుమతి తీసుకున్నారు. పది వారాలు నిండని పిల్లికూనకు వేయకూడదు. కడుపుతో ఉన్న, పాలిచ్చే పిల్లికి కూడా సలహా ఇవ్వరు.

2021 మార్చిలో అమెరికాలో ఈ కాలర్ మీద 75,000కు పైగా ఫిర్యాదులున్నాయని, వాటిలో సుమారు 1,700 పెంపుడు జంతువుల మరణాలున్నాయని వార్త వచ్చి పెద్ద గొడవైంది. ఫిర్యాదు అంటే నిర్ధారణ కాదు. కాలర్ వేసుకున్న జంతువు వేరే జబ్బుతో పోయినా లెక్కలోకి వస్తుంది. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ సమీక్ష చేసి, 2023 జులైలో కొన్ని షరతులతో అయిదేళ్లపాటు అమ్మకం కొనసాగించుకోమంది. ఆ సమీక్షలో నన్ను ఆపిన విషయం ఒకటుంది. కాలర్ వల్లే అని గట్టిగా చెప్పగలిగిన మరణాల్లో దాదాపు అన్నీ మందు వల్ల జరిగినవి కావు. పట్టీ ఎక్కడో చిక్కుకుని, ఊడిపోవాల్సిన చోట ఊడక, మెడ బిగుసుకోవడం వల్ల జరిగినవి.

అందుకే కాలర్ కట్టే తీరు గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. పట్టీకీ మెడకీ మధ్య మీ రెండు వేళ్లు పక్కపక్కన పెట్టి దూర్చితే సరిగ్గా పట్టాలి. బిగుతైతే కింద చర్మం ఒరుసుకుని పుండవుతుంది. వదులైతే ఇంకా ఘోరం. పిల్లి మెడ గోక్కుంటూ ముందు కాలును పట్టీలోంచి బయటికి తీస్తుంది, పట్టీ చంక కింద ఇరుక్కుని రోజుల తరబడి కోస్తుంది. ఆ చంక పుండు అంత తేలిగ్గా మానదు, ఆపరేషన్ దాకా వెళ్లినవీ ఉన్నాయి. కింది దవడ పట్టీలో చిక్కుకోవడం కూడా వదులు కాలర్ వల్లే. బిగించాక, పట్టీ కొసను పట్టి ఉంచే లూప్ దాటి రెండు సెంటీమీటర్లు వదిలి మిగతాది కత్తిరించేయండి. ఆ ముక్కలోనూ మందుంటుంది. కుక్కకో పసిబిడ్డకో అందకుండా చుట్టి చెత్తలో వేయండి.

కొనేటప్పుడే లాగితే ఊడే ఏర్పాటు ఉందా అని చూడండి. లేని కాలర్ ఏ మందుతో వచ్చినా చెట్లెక్కే, గోడలు దూకే పిల్లికి వద్దు. వేశాక వారానికోసారి వేళ్లు దూర్చి చూడాలి. ఎదిగే పిల్లికూనకైతే ఇంకా తరచుగా. పట్టీ కిందకి బొచ్చు పాయలు తీసి చర్మం చూడండి. మొదటి ఒకటి రెండు వారాల్లో కాస్త దురద, ఎరుపు, బొచ్చు రాలడం ఉండొచ్చు, చాలావరకు అదే సర్దుకుంటుంది. చర్మం చెమ్మగిల్లినా, పుండు పడినా, పిల్లి తిండి మానేసినా సర్దుకుంటుందని ఆగకండి, వెంటనే తీసేయండి.

ప్రకృతి సహజం అని రాసిన నూనెల కాలర్లను చాలామంది భద్రమనుకుంటారు. టీ ట్రీ, పెన్నీరాయల్, లవంగ నూనెలు పిల్లికి హాని చేసేవే. లవంగ నూనెలో ఉండే ఫీనాల్ జాతి రసాయనాలను వదిలించుకోవడానికి కాలేయానికి కావాల్సింది ఇందాక చెప్పిన ఆ బలహీనమైన ఎంజైమ్‌లే. పైగా ఫ్లీలనూ పిడుదులనూ ఇవి నమ్మకంగా చంపవు.

ఒక మందు చాలదని కాలర్ మీద చుక్కల మందు, దాని మీద స్ప్రే వేయకండి. కాలర్ వేసినా ఫ్లీలు కనిపిస్తున్నాయంటే మందు పనిచేయట్లేదని కాదు. గుడ్లు పిల్లి ఒంటి మీంచి పక్కలోకి, చాపల్లోకి రాలిపోతాయి, గూళ్లలో ఉన్న ప్యూపాలను, అంటే పూర్తి పురుగుగా మారే ముందు దశలో ఉన్నవాటిని, ఏ కాలరూ చంపదు. పక్కబట్టలు వేడినీళ్లలో ఉతకడం, రోజూ వాక్యూమ్ చేయడం దానికి మందు. అదే ఇంట్లో కుక్కకు పెర్మెత్రిన్ చుక్కలు వేస్తే మూడు రోజులు రెండిటినీ విడిగా ఉంచండి. ఒకదాన్నొకటి నాకే జంటైతే కుక్క మందే మార్చేయమని డాక్టర్‌ని అడగండి.

పిల్లి వణుకుతున్నా, తూలుతున్నా, చొంగ కారుస్తున్నా ముందు కాలర్ తీసేయండి. ఫిట్స్ వస్తుంటే స్నానం జోలికి పోకుండా నేరుగా ఆస్పత్రికి వెళ్లండి. తెలివిలో ఉండి నిలబడగలిగితే చేతికి తొడుగులు వేసుకుని, గోరువెచ్చని నీళ్లతో, గిన్నెలు తోమే లిక్విడ్‌తో మెడ, భుజాలు కడగండి. వేడినీళ్లు మందును చర్మంలోకి ఇంకా లాగుతాయి. చన్నీళ్లతో ఒళ్లు చల్లబడితే పెర్మెత్రిన్ విషం తీవ్రమవుతుంది. ఆరాక తువ్వాలులో చుట్టి నాక్కోకుండా చూడండి. వాంతి చేయించకండి, పాలు పట్టకండి.

కాలర్‌నీ అట్టపెట్టెనీ మూసిన కవరులో వేసి వెంట తీసుకెళ్లండి. ఎందుకంటే కాలర్‌లో ఉన్న మందును బట్టి చికిత్స మారుతుంది. ఆర్గానోఫాస్ఫేట్‌కి అట్రోపిన్ ఇస్తారు, అమిట్రాజ్‌కి యోహింబిన్ లేదా అటిపామెజోల్. పెర్మెత్రిన్‌కి విరుగుడే లేదు. వణుకు ఆపడానికి మెథోకార్బమాల్ ఇచ్చి, అవసరమైతే నరంలోకి లిపిడ్ ఎమల్షన్ అనే కొవ్వు ద్రావణం ఎక్కిస్తారు. తొందరగా తీసుకెళ్తే చాలా పిల్లులు రెండు మూడు రోజుల్లో కోలుకుంటాయి.