తాతగారి పేరు అడిగిన కౌంటర్

భూటాన్‌కి వీసా అక్కర్లేదు కదా, పాస్‌పోర్ట్ కూడా లేకపోయినా పర్లేదు కదా, ఇంకేముంది, బట్టలు సర్దుకుని బండెక్కడమే అని తేలిగ్గా చెప్పేవాళ్లు మా చుట్టాల్లో చాలామంది ఉన్నారు. వాళ్లందరినీ ఒకసారి సరిహద్దులో మనవైపు ఉన్న జైగావ్ తీసుకెళ్లి, అవతల భూటాన్ వైపు ఫుంట్‌షోలింగ్‌లో పర్మిట్ కౌంటర్ ముందు ఓ గంట నిలబెట్టాలని నా కోరిక.

వీసా అక్కర్లేదన్న మాట నిజమే. కానీ ఎంట్రీ పర్మిట్ కావాలి. ఆ పర్మిట్ ఇవ్వాలంటే ఆరు నెలలకి తగ్గకుండా గడువున్న పాస్‌పోర్ట్ గానీ, ఓటరు కార్డు గానీ చూపించాలి. ఆధార్ చెల్లదు. పాన్ చెల్లదు, డ్రైవింగ్ లైసెన్స్ చెల్లదు. ఇక్కడే మనవాళ్లు దెబ్బతింటున్నారు. ఇంట్లో గ్యాస్ దగ్గర్నుంచి తిరుమల దర్శనం టికెట్ దాకా అన్నింటికీ ఆధార్ తీయడం అలవాటైపోయి, అది లేని పని ఉంటుందని తోచదు. నిజానికి ఆధార్ గుర్తింపుకే గానీ పౌరసత్వానికి రుజువు కాదని దాన్ని ఇచ్చేవాళ్లే చెబుతారు. మన దేశంలో ఉంటున్న విదేశీయులకి కూడా ఇస్తారు మరి. ఓటు అలా కాదు, పౌరులకే.

మేం నలుగురం. నేను, మా ఆయన, మా అబ్బాయి, మా అత్తయ్య. నాకు పాస్‌పోర్ట్ ఉంది. మా ఆయన పాస్‌పోర్ట్‌కి గడువు దగ్గర పడుతోంది కాబట్టి ఓటరు కార్డే గతి. అబ్బాయికి ఎనిమిదేళ్లు, వాడికి బర్త్ సర్టిఫికెట్. మున్సిపాలిటీ ఇచ్చిన కాగితం మీద తెలుగు, ఇంగ్లీషు రెండూ ఉన్నాయి, పేచీ లేదు. అత్తయ్యకి విమానం అంటే భయం కాబట్టి జన్మలో పాస్‌పోర్ట్ తీసుకోలేదు. ఆవిడ దగ్గర ఉన్నదల్లా లామినేషన్ అంచులు లేచిపోయిన పాత ఓటరు కార్డు. శేషన్ గారు ఎన్నికల కమిషనర్‌గా ఉండగా 1993లో ఫొటో కార్డులు పెట్టారు కదా, ఆ తొలిరోజుల సరుకు. అందులో ఆవిడ ఫొటో నలుపు తెలుపుల్లో, నల్లటి జడతో, ఎవరి మీదో కోపంగా ఉన్నట్టుంటుంది.

పర్మిట్‌కి ఇంటి దగ్గరే ఆన్‌లైన్‌లో అప్లై చేశాం. ఫారం పెద్దదేం కాదు, కానీ పేరు దగ్గర గంటసేపు తగువు. ఇంటిపేరు ముందా వెనకా, 'వెంకట'లో చివర అక్షరం ఒకటా రెండా! కార్డు మీద ఏముందో అదే కొట్టమని నేను, ఆధార్‌లో ఉన్నదే కరెక్ట్ స్పెల్లింగ్ అని మా ఆయన. ఆ ఆధార్‌ని అక్కడ ఎవరూ చూడరు మహానుభావా అని చెప్పాక దిగొచ్చాడు. తర్వాత డబ్బు కట్టే దగ్గర కార్డు పనిచేయలేదు. విదేశీ చెల్లింపులు ఆపేసి ఉన్నాయట, బ్యాంకు యాప్‌లోకి వెళ్లి ఆన్ చేయాలట. మన రూపాయల్లోనే కదయ్యా కడుతున్నది అనుకుంటూ ఆన్ చేశాం.

ఇక ఆ డబ్బు సంగతి. సస్టైనబుల్ డెవలప్‌మెంట్ ఫీజు అంటారు, మనవాళ్లందరూ ఎస్‌డీఎఫ్ అనేస్తున్నారు. మేం వెళ్లినప్పుడు భారతీయులకి మనిషికి రాత్రికి 1200 రూపాయలు. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకి సగం. అంటే మా నలుగురికీ రాత్రికి 4200. హోటల్ లేదు, అన్నం లేదు, కారు లేదు, ఉత్తి నిద్రపోయినందుకు! 2020కి ముందు మనవాళ్ల దగ్గర ఇది వసూలు చేసేవాళ్లే కాదు. కరోనాకి మూసిన సరిహద్దు 2022 సెప్టెంబర్ 23న తెరిచాక అసలు దెబ్బ తెలిసొచ్చింది. మిగతా దేశాలవాళ్లలో చాలామంది రాత్రికి వంద డాలర్లు కట్టాలి, పైగా వాళ్లకి వీసా ఫీజు వేరు. దాంతో పోల్చుకుని సంతోషించమన్నాడు మా ఆయన. నాకు సంతోషం రాలేదు. పిల్లలకి తగ్గించినవాళ్లు పెద్దవాళ్లకి ఎందుకు తగ్గించరని అత్తయ్య మొదటిసారి అడిగింది అప్పుడే.

ఫలక్‌నుమాలో హౌరా, అక్కడి నుంచి టాక్సీలో పడుతూ లేస్తూ సియాల్దా, కాంచన్ కన్య రైల్లో హాసిమారా. దారంతా మామూలే, రాయడానికేం లేదు. హాసిమారాలో దిగి జైగావ్ చేరేసరికి అందరికీ నడుములు పోయాయి.

జైగావ్ హడావుడి చూసి అవతలికి వెళ్తే ఫుంట్‌షోలింగ్ వింతగా ఉంటుంది. ఇవతల హారన్లు, రిక్షాలు, దుమ్ము. గోడ దాటగానే నిశ్శబ్దం, జీబ్రా గీతల దగ్గర ఆగే కార్లు. నడిచి వెళ్లేవాళ్లకి వేరే దారి, అక్కడే తనిఖీ. ఇవతలి వైపు మాత్రం పర్మిట్ తీసిపెడతాం అంటూ ఒకరి తర్వాత ఒకరు చేయి పట్టుకునేవాళ్లే. వద్దంటే వినరు, మాకు ముందే వచ్చేసింది అని ఫోన్ చూపిస్తే గానీ వదల్లేదు.

లైన్‌లో మా ముందు ఓ కొత్త జంట. అమ్మాయి చేతులకి గోరింటాకు ఇంకా ఎర్రగానే ఉంది. మా అత్తయ్య, మా అబ్బాయి మాటలు విని ఆ కుర్రాడు వెనక్కి తిరిగి, "అక్కా, మీరు తెలుగువాళ్లా? ఆధార్ సరిపోతుంది కదా?" అన్నాడు. నాకు గుండెల్లో రాయి పడింది. అతనికి పాస్‌పోర్ట్ ఉంది. ఆ అమ్మాయికి లేదు. ఓటు కూడా ఇంకా నమోదు చేసుకోలేదు. కాలేజీ, ఉద్యోగం, పెళ్లి, ఎక్కడా ఓటరు కార్డు అడిగినవాళ్లే లేరట. ప్యాకేజీ అమ్మిన ఏజెంట్ ఆధార్ చాలని చెప్పాడట, ఇక్కడికొచ్చాక పర్మిట్ తానే చేయిస్తానన్నాడట.

కౌంటర్‌లో ఉన్నామె చాలా మర్యాదగా చెప్పింది. గొంతు పెంచలేదు, విసుక్కోలేదు. ఓటరు కార్డు గానీ పాస్‌పోర్ట్ గానీ ఉంటే ఇవ్వండి, లేకపోతే పర్మిట్ ఇవ్వలేను అంది. ఆ అమ్మాయి ఆధార్ ఇచ్చింది, తర్వాత పాన్, తర్వాత లైసెన్స్, తర్వాత ఆఫీసు ఐడీ కార్డు. ఒక్కోటీ బల్ల మీద పెడుతుంటే పేకముక్కలు పరిచినట్టుంది. అన్నీ ఉన్నాయి, కావలసిన ముక్క ఒక్కటే లేదు. ఆమె వాటిని వరసగా పేర్చి వెనక్కి ఇచ్చేసింది.

కుర్రాడు పక్కకెళ్లి ఏజెంట్‌కి ఫోన్ చేశాడు. స్పీకర్‌లో అందరికీ వినపడుతోంది. "మొన్నటిదాకా పంపించారు సార్, ఇప్పుడే ఏదో స్ట్రిక్ట్ చేసినట్టున్నారు" అంటున్నాడు అవతలి పెద్దమనిషి. మొన్నా లేదు, అటుమొన్నా లేదు. భూటాన్ వెళ్లేవాళ్లకి చెప్పే మొదటి మాటే అది, అది తెలియకుండా ప్యాకేజీలు ఎలా అమ్ముతారో! పారోలో హోటల్‌కి కట్టిన డబ్బు వెనక్కి ఇస్తారా అంటే, పాలసీ చూసి చెబుతాను సార్ అని పెట్టేశాడు. ఆ అమ్మాయి ఏడవలేదు. సూట్‌కేసు మీద కూర్చుని డార్జిలింగ్‌కి ఎన్ని గంటలు పడుతుందో ఫోన్‌లో వెతుక్కుంటోంది. మెచ్చుకోవాలి. తర్వాత అక్కడి నుంచి ఇద్దరూ టీ కప్పులతో ఫొటో పంపారు, బాగానే ఉన్నారు.

మా వంతు వచ్చింది. నాది, మా ఆయనది నిమిషంలో అయిపోయాయి. అబ్బాయి సర్టిఫికెట్‌లో అమ్మానాన్నల పేర్లు చూసుకుంది, ఫొటో తీసుకుంది. అత్తయ్య కార్డు దగ్గర ఆగింది. కార్డులో ఫొటో, ఎదురుగా మనిషి, మళ్లీ ఫొటో. ముప్ఫై ఏళ్ల తేడా మరి! పోలిక కుదరక కాబోలు, కార్డు మీది వివరాలే అడగడం మొదలుపెట్టింది. హిందీలో పేరు అడిగింది, అత్తయ్య చెప్పింది. భర్త పేరు అడిగింది.

అత్తయ్య నా వైపు చూసింది.

ప్రశ్న అర్థం కాలేదనుకుని ఆమె ఈసారి నెమ్మదిగా, విడివిడిగా అడిగింది. అత్తయ్యకి అర్థం కాకపోవడమేమిటి, టీవీ సీరియళ్ల పుణ్యమా అని హిందీ నాకంటే బాగా వచ్చు. మామయ్యగారు పోయి చాలా ఏళ్లయింది. ఆయన ఉన్నప్పుడూ పేరు పలకలేదు, పోయాకా పలకలేదు. రేషన్ షాపులో, ఆస్పత్రిలో, బ్యాంకులో ఎక్కడైనా పక్కనున్నవాళ్ల చేతే చెప్పిస్తుంది. మా అబ్బాయికి తాతగారి పేరే పెట్టాం. వాణ్ని కూడా పేరు పెట్టి పిలవదు, 'చిన్నా' అనే అంటుంది. నేనైతే మా ఆయన్ని రోజుకి పదిసార్లు పేరు పెట్టి కేకేస్తాను. ఆవిడేమీ అనదు, నా అలవాటు నాది, తనది తనది.

"చెప్పండత్తయ్యా" అన్నాను. తల అడ్డంగా ఊపింది. వెనక లైన్ కదలడం లేదని గొణుగుళ్లు. మా ఆయన ముందుకొచ్చి చెప్పబోతే కౌంటర్ ఆమె చేయి అడ్డం పెట్టింది, ఆవిడనే చెప్పమనండి అని. ఆమె తప్పేం లేదు, అడిగేదే ఆవిడో కాదో తేల్చుకోవడానికి. ఎలా చెప్పాలి ఆమెకి? మా ఊళ్లో పాతకాలం ఆడవాళ్లు మొగుడి పేరు పలకరమ్మా అని వచ్చీరాని హిందీలో మొదలుపెట్టాను. ఇంతలో అత్తయ్య మనవణ్ని ముందుకి లాగి, భుజం మీద చేయి వేసి, "ఇదిగో, వీడి పేరే" అంది. వాడు గట్టిగా చెప్పాడు, స్కూల్లో హాజరు పలికినట్టు.

కౌంటర్ ఆమె కార్డులో చూసింది, వాడి బర్త్ సర్టిఫికెట్‌లో చూసింది. రెండు చోట్లా అదే పేరు. నవ్వి, ఏదో వాళ్ల భాషలో పక్క కౌంటర్‌కి చెప్పింది, అతనూ నవ్వాడు. అత్తయ్యని కెమెరా వైపు చూడమంది. అత్తయ్య కొంగు సర్దుకుని, సరిగ్గా ముప్ఫై ఏళ్ల కిందటి ఫొటోలోలాగే కోపంగా చూసింది. ఇక పోలిక విషయంలో ఎవరికీ అనుమానం లేదు.

అక్కడి నుంచి కొండ ఎక్కడమే. రించెండింగ్ చెక్‌పోస్ట్ దగ్గర మళ్లీ పర్మిట్లు చూశారు. డ్రైవర్ తొమ్మిదికల్లా రమ్మంటే, మన ఫోన్లు ఇంకా జైగావ్ టవర్లు పట్టుకుని ఎనిమిదిన్నరే చూపిస్తున్నాయి. భూటాన్ గడియారం మనకంటే అరగంట ముందు. మేం మన తొమ్మిదికి వెళ్లేసరికి పాపం అతను అరగంట నుంచి కారు తుడుస్తున్నాడు.

థింఫు, పారో అందరూ రాసినవే. కొండ మీది తక్త్‌సాంగ్ మఠానికి ఎక్కుతుంటే సగంలో నాకు ఊపిరి ఆడలేదు, అంతకంటే చెప్పను. పునాఖా వెళ్లాలంటే గైడ్ ఉండాలన్నారు, అదో ఖర్చు. ఆ దారిలో దోచులా కనుమ దగ్గర 108 చోర్టెన్‌లు, అంటే బౌద్ధ స్తూపాలు, ఉన్నాయి, 2003లో పోరాటంలో చనిపోయిన సైనికుల జ్ఞాపకంగా రాణిగారు కట్టించారట. సంఖ్య వినగానే అత్తయ్య ఆగిపోయింది. మా మరిది అమెరికా వీసా కోసం చిలుకూరు బాలాజీ గుడిలో పదకొండు ప్రదక్షిణలు చేసి, వీసా వచ్చాక మళ్లీ వెళ్లి 108 చేసింది ఈవిడే. చేతిలో కాగితం పట్టుకుని, అంకెలు కొట్టేసుకుంటూ! అసలు ఈ ప్రయాణం అనుకున్నప్పుడు, "వీసా అడగని దేశం కూడా ఓ దేశమేనా?" అని పెదవి విరిచింది కూడా ఈవిడే. ఇప్పుడు చలిలో, మబ్బులో, చోర్టెన్‌ల చుట్టూ ఎటు నుంచి తిరగాలో గైడ్‌ని అడుగుతోంది. ఎడమ నుంచి కుడికి, మనలాగే, అన్నాడతను. కారు వెయిటింగ్ చార్జీ గుర్తొచ్చి మా ఆయన ముఖం చూడాలి.

తిరిగి వచ్చేటప్పుడు ఫుంట్‌షోలింగ్‌లో పర్మిట్ మీద బయటికి వెళ్తున్నట్టు ముద్ర వేశారు. ఇవతల మనవైపు మమ్మల్ని ఎవరూ ఏమీ అడగలేదు. జేబులో మిగిలిన భూటాన్ డబ్బు, నుల్ట్రమ్ నోట్లు, జైగావ్‌లోనే ఖర్చు పెట్టేయమని డ్రైవర్ ముందే చెప్పాడు, అది దాటితే ఎవరూ తీసుకోరని. రూపాయికి రూపాయే కాబట్టి లెక్కకి ఇబ్బంది లేదు, బిస్కెట్లు కొనేశాం.

హాసిమారాకి ఆటో మాట్లాడుకుని కూర్చున్నాక, నాకూ పాస్‌పోర్ట్ తీయించండిరా అంది అత్తయ్య. విమానం భయం ఏమైందో మరి, మేం అడగలేదు. మా ఆయన వెంటనే ఫోన్ తీసి చూశాడు. ఫీజు 1500, అరవై దాటినవాళ్లకి అందులో పది శాతం తగ్గింపు.

"చూశారా, మనవాళ్లు తగ్గించారు" అంది అత్తయ్య. "ఆ భూటాన్ వాళ్లని మీరు సరిగ్గా అడిగి ఉండరు."