బెయిరా వార్తకి చోటు దొరికే దాకా

2019 మార్చిలో నేను ఒక తెలుగు దినపత్రికలో విదేశీ వార్తలు చూసే సబ్ఎడిటర్‌ని. డెస్క్ అంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక ఇన్‌ఛార్జి, ఇద్దరు సబ్ఎడిటర్లు, ఏజెన్సీ వార్తలు దొర్లుతూ ఉండే స్క్రీన్, అంతే. ఎన్నికల సీజన్ కాబట్టి అభ్యర్థుల జాబితాలు పోగా మాకు మిగిలేది అరపేజీ.

ఎన్నికల షెడ్యూలు వచ్చిన రోజే, మార్చి 10న, అడిస్ అబాబాలో బయల్దేరిన ఇథియోపియన్ ఎయిర్‌లైన్స్ విమానం ఆరు నిమిషాలకే కూలింది. 157 మంది పోయారు. ఇన్‌ఛార్జి గారిది ఎప్పుడూ ఒకటే ప్రశ్న: "మనవాళ్ళున్నారా?" ఉన్నారు, గుంటూరు వైపు వాళ్ళు. వార్త మొదటి పేజీకి వెళ్ళింది. రెండు రోజులు తిరక్కుండానే ఏజెన్సీ కాపీల డేట్‌లైన్లు, అంటే వార్త మొదట్లో ఉండే ఊరి పేర్లు, వాషింగ్టన్‌కి మారిపోయాయి. అది ఆ విమానం తయారుచేసిన అమెరికా కంపెనీ బోయింగ్ కథ అయిపోయింది. అందులో ఇథియోపియాకి మిగిలింది విమానం పడిన పొలం ఒక్కటే.

14వ తేదీ రాత్రి ఆఫ్రికా దేశం మొజాంబిక్‌లోని బెయిరా దగ్గర ఇదాయ్ తుపాను తీరం దాటింది. ఐదు లక్షల మంది ఉండే రేవు పట్టణం. మాది దివిసీమ. 1977 ఉప్పెన సంగతులు వింటూ పెరిగినవాణ్ణి కాబట్టి ఆ నాలుగు పేరాల కాపీ చూడగానే గుండె ఝల్లుమంది. కాపీ వచ్చింది బెయిరా నుంచి కాదు. అక్కడ కరెంటు, ఫోన్లు తెగిపోయాయి. ఫొటో లేదు. మృతుల సంఖ్య కూడా చిన్నదే.

మర్నాడు న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ మసీదుల్లో కాల్పులు. హైదరాబాద్ వాళ్ళున్నారు, వీడియో ఉంది, నిమిషానికో అప్‌డేట్ ఉంది. అది పెద్ద వార్తే, కాదనను. ఇదాయ్ మాత్రం సంక్షిప్త వార్తల్లో మూడు లైన్లయింది. ఆ మూడు లైన్లు రాసింది నేనే.

శనివారం ఇదాయ్‌కి ఇంకాస్త చోటివ్వమని ఇన్‌ఛార్జి గారిని అడిగాను. "మనవాళ్ళు లేరు కదయ్యా, ఫొటో వస్తే చూద్దాం" అన్నారు. ఆదివారం చోటే లేదు. సోమవారం మొజాంబిక్ అధ్యక్షుడు న్యూసీ హెలికాప్టర్లో తిరిగి చూసి, మృతులు వెయ్యి దాటొచ్చన్నాడు. అప్పటికి అధికారిక లెక్క 84. పుంగ్వే, బూజీ నదులు పొంగి ఊళ్ళకి ఊళ్ళే మునిగాయి. వెయ్యి అన్న అంకె పడ్డాక సింగిల్ కాలమ్ దొరికింది. పై నుంచి తీసిన ఫొటోలు కూడా అప్పుడే రావడం మొదలైంది.

డబుల్ కాలమ్ మాత్రం మన నేవీ వల్ల వచ్చింది. సుజాత, సారథి, శార్దూల్ నౌకలు బెయిరాకి చేరి సహాయం మొదలుపెట్టాయి. ఇన్‌ఛార్జి గారు హుషారుగా, "ఇప్పుడు పెట్టవయ్యా" అన్నారు. 'మొజాంబిక్‌కు మన నేవీ అండ' అని హెడ్డింగ్ పెట్టాను. పోయినవాళ్ళు మూడో పేరాలోకి వెళ్ళారు. చోటు చాలక చివరి రెండు పేరాలు కోసేశాను. అదే రోజు ఇంకో పేజీలో ఊరి పేరు 'బీరా' అని పడింది. ఎవరూ గమనించలేదు.

పొద్దున్నే నాన్న ఫోన్ చేశారు. పేపర్ చివరి లైన్ దాకా చదివే మనిషి.

"ఒరే, అక్కడ ఉప్పెన ఎంత ఎత్తు వచ్చిందట?"

అది నేను కోసేసిన పేరాలో ఉంది.