కబడ్డీ మైకు దగ్గర హర్షా భోగ్లే కబుర్లు

పండక్కి రమ్మని అక్క ఏటా పిలుస్తుంది. వాళ్ళది అంబాజీపేటకి దగ్గర్లో ఓ పల్లె. ఈసారి నేను వెంటనే సరేననడానికి బావగారు ఫోన్లో అన్న ఒక మాట కారణం. "మా ఊళ్ళో కబడ్డీ పోటీలకి మైకులో చెప్పే మాస్టారొకరున్నారు. మీ క్రికెట్ కామెంటేటరు హర్షా భోగ్లే గురించి ఆయన్ని కదిపితే తెల్లారిపోద్ది" అన్నారు. ఆ సాయంత్రమే గౌతమీ ఎక్స్‌ప్రెస్‌కి టికెట్టు తీశాను.

హైదరాబాదులో పెరిగినవాణ్ణి. మా వీధిలో క్రికెట్టు ఆడేటప్పుడు ప్రతి పిల్లాడూ సచిన్ కావాలనుకునేవాడు. నాకు మాత్రం గోడ మీద కూర్చుని ఆట గురించి చెప్పడం ఇష్టం. ఆ ఇష్టానికి హర్షా భోగ్లే మూలం. మా ఊరి మనిషి ఒకడు ఆడకుండా, కేవలం మాటతో, ప్రపంచంలోని మైదానాలన్నీ తిరుగుతున్నాడన్న ఊహ నన్ను నిలవనిచ్చేది కాదు. ఆయన గురించి దొరికినదల్లా చదివాను, విన్నాను. కోనసీమలో ఓ పల్లెటూరి మాస్టారికీ అదే పిచ్చి ఉందంటే వెళ్ళకుండా ఎలా ఉంటాను?

రాజమండ్రిలో దిగేసరికి ఇంకా చీకటే. ధవళేశ్వరం బ్యారేజీ మీదుగా వెళ్ళే బస్సెక్కాను. హైవే మీద జొన్నాడ వంతెన దారి తొందరగా చేరుస్తుంది గానీ, ఇటు వస్తేనే గోదావరి చీలిపోవడం కంటికి కనబడుతుంది. 1847లో కాటన్ దొర మొదలుపెట్టి 1852కి ఇక్కడ ఆనకట్ట పూర్తి చేశాడు. ఇప్పుడున్న బ్యారేజీ దాని తర్వాతది. ఒక పక్క గౌతమి, ఒక పక్క వశిష్ఠ, ఆ వశిష్ఠలోంచి కింద మళ్ళీ వైనతేయ. ఈ పాయల మధ్య నేలే కోనసీమ. బొబ్బర్లంక, ఆత్రేయపురం, లొల్ల లాకులు దాటాక రావులపాలెంలో అరటి గెలల మార్కెట్టు దగ్గర బస్సు చాలాసేపు ఆగిపోయింది. లారీలకెత్తుతున్న గెలలు చూస్తూ టీ తాగాను. అక్కణ్ణుంచి కొబ్బరి తోటలే తోటలు.

మాస్టారిని కలిసింది ఆ సాయంత్రం, హైస్కూలు గ్రౌండులో. రిటైరైన లెక్కల మాస్టారు. తెల్ల పంచె, ఖద్దరు చొక్కా, చెవులకి మఫ్లరు. కోర్టు పక్కన బల్ల, దాని మీద మైకు, మైకు పక్కన పొడుగాటి అకౌంటు పుస్తకం. ఆడబోయే జట్ల వివరాలన్నీ అందులో ఉన్నాయి. ఏ కుర్రాడు కుడివైపు నుంచి కూతకెళ్తాడు, ఎవడు చీలమండ పట్టులో గట్టివాడు, ఎవరికి మోకాలు వాచి ఉంది, ఎవడి పేరు ఎలా పలకాలి. ముందురోజు సైకిలేసుకుని జట్లు బస చేసిన చోటికల్లా వెళ్ళి రాసుకొచ్చారట.

"మీరు కబడ్డీ ఆడేవారా మాస్టారూ?" అనడిగాను.

"లేదు బాబూ. చిన్నప్పుడు టైఫాయిడొచ్చి కాళ్ళు పడిపోయినంత పనైంది. మనం గట్టు మీదే."

ఆ జవాబుతో మా ఇద్దరి మాటా హర్షా దగ్గరికి వెళ్ళిపోయింది. ఆయన జీవితమంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరిగింది కదా. 1961లో హైదరాబాదులో పుట్టారు. మరాఠీ కుటుంబం. తండ్రి ఫ్రెంచి ప్రొఫెసరు, తల్లి సైకాలజీ ప్రొఫెసరు. హైదరాబాద్ పబ్లిక్ స్కూలు, ఉస్మానియాలో కెమికల్ ఇంజినీరింగు, ఆ తర్వాత అహ్మదాబాదు ఐఐఎం. క్రికెట్టు ఆడారు, యూనివర్సిటీ జట్టు దాకా వెళ్ళారు. అక్కడితో ఆగింది. 19 ఏళ్ళ వయసులోనే ఆకాశవాణి హైదరాబాదు కేంద్రంలో కామెంటరీ మొదలుపెట్టారు. చదువయ్యాక కొన్నాళ్ళు అడ్వర్టైజింగులో పనిచేశారు. అలాంటి చదువున్న కుర్రాడు అందులోనే ఉండిపోతే ఇంట్లోవాళ్ళు సంతోషించే రోజులవి. ఆయన ఆట వెంట పడ్డారు.

ఇదంతా నేను చెబుతుంటే మాస్టారు చెయ్యెత్తి ఆపారు. "ఆస్ట్రేలియా సంగతి నేను చెప్తానుండండి. అది నేను విన్నాను."

1991-92లో మన జట్టు ఆస్ట్రేలియా వెళ్ళినప్పుడు మాస్టారి దగ్గర షార్టువేవు రేడియో ఉండేది. సిడ్నీలో ఆటంటే ఇక్కడ తెల్లవారుజామున ఐదున్నరకే మొదలు. పొలం గట్టు మీద ఏరియల్ తీగ కొబ్బరి మొక్కకి కట్టి రేడియో ఆస్ట్రేలియా పట్టుకునేవారట. గరగరల మధ్య ఆస్ట్రేలియా గొంతులు, వాటి మధ్యలో ఉన్నట్టుండి మనదేశపు ఇంగ్లీషు. ఆస్ట్రేలియా ప్రసార సంస్థ ఏబీసీ తన జట్టులోకి పిలిచిన మొదటి భారతీయ వ్యాఖ్యాత హర్షాయే. అప్పటికి ఆయనకి నిండా ముప్ఫై ఒకటి లేవు. పెర్త్‌లో 18 ఏళ్ళ సచిన్ 114 కొట్టిన సిరీస్ అది. "ఆ గొంతులో తత్తరపాటు లేదు బాబూ. తెల్లవాళ్ళ పక్కన కూర్చున్నాన్న బెరుకూ లేదు, చూశారా నన్ను అన్న గొప్పా లేదు. బంతి ఎక్కడ పడింది, ఫీల్డరు ఎక్కడున్నాడు, అంతే. నేను అప్పుడే అనుకున్నాను, మన మైకులో కూడా ఇలాగే చెప్పాలని."

ఆ మాటకి నా ఒళ్ళు జలదరించింది. పెర్త్‌లో మైకు ముందు కూర్చున్నాయనకి తెలియకుండానే గోదావరి పాయ పక్కన ఒక శిష్యుడు తయారయ్యాడు.

రేడియో నుంచి టీవీకి రావడం అందరికీ సాగే పని కాదు. రేడియోలో వినేవాడికి అన్నీ చెప్పాలి, టీవీలో బొమ్మ ఎలాగూ కనబడుతుంది, కాబట్టి చూసేవాడికి తట్టనిది మాత్రమే చెప్పాలి. 1995 నుంచి ఈఎస్‌పీఎన్‌లో, తర్వాత ఈఎస్‌పీఎన్ స్టార్ స్పోర్ట్స్‌లో హర్షా ఆ తేడాని పట్టుకున్నారు. స్టూడియోలో పెద్ద పెద్ద ఆటగాళ్ళని పక్కన కూర్చోబెట్టుకుని, మనం ఇంట్లో ఏమడగాలనుకుంటామో అదే అడిగేవారు. ఆ బౌలరుని ఎందుకు మార్చలేదు? ఆ షాటు ఆడేముందు మనసులో ఏముంటుంది? గవాస్కర్‌ని అలా అడగడానికి గవాస్కర్‌తో సమానంగా ఆడి ఉండక్కర్లేదు. ముందురోజు రాత్రి చదివి ఉండాలి, జవాబు పూర్తయ్యేదాకా నోరు మూసుకుని ఉండాలి. ఈ రెండోది ఈమధ్య టీవీల్లో బాగా తగ్గిపోయింది. బంతి గాల్లో ఉండగానే ముగ్గురు అరుస్తారు. తెలుగులోనూ అంతే. 2018లో స్టార్ స్పోర్ట్స్ తెలుగు ఛానెల్ వచ్చినప్పుడు ఎంత సంతోషించానో చెప్పలేను, ఇప్పటికీ నాకది ఇష్టమే. కాస్త తెరిపినిస్తే ఇంకా ఇష్టపడతాను.

కనుమ నాడు పోటీలకి విరామం. అందరూ జగ్గన్నతోటకి ప్రభల తీర్థం చూడ్డానికి వెళ్తారు. పదకొండు ఊళ్ళ నుంచి పదకొండు రుద్రుల ప్రభలు, అంటే వెదురుతో ఎత్తుగా కట్టి అలంకరించినవి, ఆ కొబ్బరితోటకి చేరతాయి. గంగలకుర్రు ప్రభలు కౌశిక కాలువ దాటి రావాలి. పీకల్లోతు నీళ్ళలో, బురదలో, అంత ఎత్తు ప్రభని భుజాల మీద మోస్తూ కుర్రాళ్ళు అవతలి గట్టుకెక్కించారు. గట్టు మీద జనం "హరహర మహాదేవ" అంటుంటే పక్కవాడి మాట వినబడలేదు. మాస్టారు నా పక్కనే ఉన్నారు, ఒక్క మాట మాట్లాడలేదు. మామూలుగా ప్రతిదానికీ వివరం చెప్పే మనిషి. నేనూ అడగలేదు.

దారిలో అమలాపురం మీదుగా వస్తుంటే సాత్విక్‌సాయిరాజ్ రంకిరెడ్డి మాటొచ్చింది. ఈ ఊరి పిల్లాడు. 2022 మే 15న బ్యాంకాక్‌లో బ్యాడ్మింటన్ థామస్ కప్ ఫైనల్లో చిరాగ్ శెట్టితో కలిసి, మొదటి గేమ్ 18-21తో పోగొట్టుకుని, తర్వాతవి 23-21, 21-19తో గెలిచాడు. ఇండోనేషియాని 3-0తో కొట్టి మన దేశం మొదటిసారి ఆ కప్పు తెచ్చుకుంది. గంటకి 565 కిలోమీటర్ల వేగంతో స్మాష్ కొట్టి గిన్నిస్ రికార్డుకెక్కినవాడు కూడా ఇతనే. ఆ ఫైనలు చూస్తూ మాస్టారు మంచం మీంచి లేచి అరిచారట, మనవరాలు హడలిపోయిందట.

"మరి మైకు ముందైతే అలా అరుస్తారా?" అన్నాను.

"ఇంట్లో అరవొచ్చండీ. మైకు ముందు కూడదు."

ఆ మాట ఎంత కష్టమైనదో మర్నాడు చూశాను. ఫైనల్ ఈ ఊరికీ, గౌతమి లంకల వైపు నుంచొచ్చిన జట్టుకీ. గ్రౌండు చుట్టూ జనం, ట్రాక్టర్ల మీద జనం, స్కూలు డాబా మీద జనం. ఆఖరి నిమిషంలో ఒక పాయింటు వెనకబడి ఉన్నాం. మన కుర్రాడు కూతకెళ్ళాడు, ఇద్దరిని తాకాడు, నడిగీత వైపు దూకాడు. నలుగురు మీద పడ్డారు. వాడి వేళ్ళు గీతకి తగిలాయా లేదా? తగిలాయని ఊరంతా అంది. లేదని రెఫరీ చెయ్యి అటువైపు ఎత్తాడు. ఓ పెద్దాయన బల్ల దగ్గరకొచ్చి మాస్టారి చెవిలో, "రెఫరీది తప్పని మైకులో చెప్పండి, చెప్తారా చెప్పరా?" అన్నాడు. మాస్టారు మైకు దగ్గరికి లాక్కున్నారు. "రెఫరీ నిర్ణయం ప్రకారం పాయింటు లంక జట్టుకి. ఇక మిగిలింది పదకొండు సెకన్లు" అని ఊరుకున్నారు. మేం ఓడిపోయాం. ఆ రాత్రి మాస్టారింటి ముందు నుంచి పోతూ కొందరు నానా మాటలన్నారు. ఆయన లోపలే ఉన్నారు, విన్నారు.

నాకు 2016 గుర్తొచ్చింది. ఆ మార్చిలో టీ20 ప్రపంచకప్పులో బెంగళూరులో బంగ్లాదేశ్ మీద మనం ఒక్క పరుగుతో గెలిచాం. మన వ్యాఖ్యాతలు అవతలి జట్టుని కాకుండా మనవాళ్ళ గురించే ఎక్కువ మాట్లాడాలన్న అర్థంలో అమితాబ్ బచ్చన్ ట్వీట్ చేశారు. ఇంక చెప్పడానికేం లేదని ధోనీ దాన్ని బలపరిచారు. కొద్దివారాలకే ఐపీఎల్ కామెంటరీ నుంచి హర్షాని తప్పించారు. కారణం తనకెవరూ చెప్పలేదని ఆయనే అన్నారు. ఆ ట్వీటుకీ దీనికీ సంబంధం ఉందని నేననను. కానీ ఆ రోజుల్లో ఒక ప్రశ్న గాల్లో ఉంది. కామెంటరీ చెప్పేవాడు జట్టు మనిషా, చూసేవాళ్ళ మనిషా? చూసేవాళ్ళ మనిషే అయి తీరాలని నా నమ్మకం. తర్వాత ఆయన ఐపీఎల్‌కి తిరిగొచ్చారు, అదే తీరులో చెప్పారు.

2019 నవంబరులో కోల్‌కతాలో గులాబీ బంతితో డే-నైట్ టెస్టు. బంతి సరిగ్గా కనబడుతుందో లేదో ఆటగాళ్ళని అడగాలని హర్షా అన్నారు. ఆడినవాళ్ళం మాకు తెలుసు, నువ్వే అడగాలి అన్న ధోరణిలో తోటి వ్యాఖ్యాత సంజయ్ మంజ్రేకర్ లైవ్‌లోనే తీసిపారేశారు. ఆడినంతమాత్రాన కొత్తగా తెలుసుకోవడానికి అడ్డు ఉండకూడదని హర్షా నెమ్మదిగా జవాబిచ్చారు. తన మాట తప్పని మంజ్రేకర్ తర్వాత ఒప్పుకున్నారు. ఆ క్లిప్పు నేనెన్నిసార్లు చూశానో. ఆయన గొంతు ఎక్కడా పెరగదు. అందుకే ఆ జవాబు అంతగా నిలిచింది.

తిరుగు ప్రయాణం నరసాపురం నుంచి పెట్టుకున్నాను, రైలు అక్కడే బయల్దేరుతుంది. మాస్టారి కూతురిది ఆ ఊరే, ఆయనా వచ్చారు. సఖినేటిపల్లి రేవులో నది దాటించే పంటు ఎక్కాం. మోటారుసైకిళ్ళు, రెండు కార్లు, కొబ్బరి బస్తాలు, మేం. వశిష్ఠ ఇక్కడ సముద్రానికి దగ్గరైంది, వెడల్పు చాలా ఉంది.

"2016లో ఆయన గట్టిగా అడిగి ఉండాల్సింది" అన్నారు మాస్టారు. "ఎందుకు తీసేశారో చెప్పండని నిలదీస్తే ఇంకో నలుగురికి ధైర్యమొచ్చేది."

నేను ఒప్పుకోలేదు. గొడవ పెట్టుకుంటే ఆ మర్నాటి నుంచి ఆయన ఏం మాట్లాడినా ఆట వెనకబడి ఆ గొడవే ముందుకొచ్చేదన్నాను. "మొన్న మీ ఇంటి ముందు వాళ్ళు అన్ని మాటలన్నప్పుడు మీరెందుకు బయటికి రాలేదు?"

"నా సంగతి వేరండీ. నన్ను మైకు నుంచి తీసేసింది ఎవరు? వచ్చే సంక్రాంతికి తీసేస్తే చూడండి, అడుగుతాను. పంచాయతీలో నిలబడి అడుగుతాను."

నేను మళ్ళీ ఏదో అనబోయాను. అవతలి రేవు వచ్చేసింది, బండ్లవాళ్ళు హారన్లు కొట్టారు. మాస్టారు పుస్తకం చంకలో పెట్టుకుని, వాదన ఆపకుండానే, నాకన్నా ముందు దిగారు.