నిలబడి తిన్న తిండి

మూడు నెలల సగటు చెప్పే షుగర్ పరీక్షలో నాకు 6.2 వచ్చింది. 6.5కి చేరితే ఇక షుగరే. స్కానింగ్‌లో ఫ్యాటీ లివర్, అంటే కాలేయానికి కొవ్వు పట్టిందన్నమాట, గ్రేడ్ 2. బరువు 79 కిలోలు, ఎత్తేమో ఐదడుగుల రెండంగుళాలు. "మందులు ఇప్పుడే వద్దమ్మా. ఒక ఏడెనిమిది కిలోలు తగ్గి రండి, అప్పుడు చూద్దాం" అన్నారు డాక్టరు గారు, తగ్గడమంటే బజారుకెళ్ళి రావడమన్నంత తేలిగ్గా.

మా అమ్మకి చివర్లో షుగర్ వల్ల కాలి వేలు తీసేశారు. ఆ కట్టు రోజూ మార్చింది నేనే. అందుకే ఇంటికొచ్చాక ఎవరితోనూ వాదించలేదు.

నడక సంగతి నాకు కొత్తగా ఎవరూ చెప్పక్కర్లేదనుకున్నాను. పొద్దున ఐదింటి నుంచి కాళ్ళ మీదే ఉంటాను కదా! అబ్బాయి నా చేతికి అడుగులు లెక్కపెట్టే బ్యాండ్ కొనిచ్చాడు. మొదటి రోజే 7,000 దాటింది. గర్వంగా అందరికీ చూపించాను. మర్నాడు కింద కూర్చుని చపాతీ పిండి కలుపుతుంటే అంకె దానంతటదే పెరుగుతోంది. పిండి ముద్దయ్యేసరికి 140 అడుగులు నడిచేశానట! చెయ్యి ఊగితే చాలు, దానికి అడుగే. బ్యాండ్ పక్కన పెట్టి, నడుముకి తగిలించుకునే పెడోమీటర్ తెప్పించుకున్నాను. ఆ రోజు రాత్రికి 2,640. వంటింట్లో రోజంతా నిలబడుతున్నాను తప్ప నడవడం లేదని అప్పుడు తెలిసింది.

రోజుకు పదివేల అడుగులని అందరూ అంటారు గానీ, ఆ అంకె ఏ వైద్యుడూ లెక్కగట్టింది కాదట. 1965లో జపాన్‌లో ఒక కంపెనీ అమ్మిన పెడోమీటర్ పేరుకి అర్థమే 'పదివేల అడుగుల మీటరు' అని. ఇది చదివాక టెన్షన్ తగ్గింది. 4,000తో మొదలుపెట్టి పదిహేను రోజులకో ఐదు వందలు కలుపుకుంటూ పోయాను. మాది విజయవాడ సత్యనారాయణపురం. పాత రైలు పట్టాలు తీసేసి వేసిన బీఆర్‌టీఎస్ రోడ్డు మీద తెల్లవారకముందే నడిచేదాన్ని. మా ఊరి ఎండ సంగతి తెలిసిందే, మేలో ఏడింటికి బయట ఉన్నామంటే అయిపోయామే. చీర కుచ్చిళ్ళ దగ్గర పెట్టుకున్న మీటరు ఒకసారి బకెట్లో పడింది. రెండు రోజులు బియ్యం డబ్బాలో దాచాక బతికింది.

తిండి రాయడం ఇంతకన్నా కష్టం. ఫోన్‌లో యాప్ 'ఒక కప్పు అన్నం' అంటుంది. ఏ కప్పు? మా ఇంట్లో ఆరు రకాలున్నాయి. చివరికి చిన్న కాటా కొని కంచంలో అన్నం తూచాను. 380 గ్రాములు, దగ్గర దగ్గర 500 కేలరీలు, పప్పూ నెయ్యీ పడకముందే. అత్తయ్య చూసి "కంచంలో అన్నం తూస్తారటే ఎక్కడైనా!" అని బుగ్గలు నొక్కుకున్నారు. నూనె లెక్క ఇంకా ఘోరం. ఐదుగురికి నెలకు ఐదు లీటరు ప్యాకెట్లు. అంటే తలా రోజుకు ఆరు చెంచాల పైనే. చెంచాకి 45 కేలరీలు.

అన్నీ తగ్గించాను. యాప్ రోజూ 1,400 చూపిస్తోంది. ఇరవై రోజులైనా బరువు చూసుకునే కాటా ముల్లు కదల్లేదు. థైరాయిడ్ ఉందేమోనని ఆ పరీక్ష కూడా చేయించాను, బాగానే ఉంది. ఒక రోజు వంటింట్లో ఉండగా అమ్మాయి వచ్చి, "అమ్మా, ఇప్పుడు తిన్నది రాశావా?" అంది. నా చేతిలో అబ్బాయి కంచంలో మిగిలిన అర పెసరట్టు. పారేయడం ఇష్టం లేక నోట్లో వేసుకుంటున్నా. అది తిండని నాకసలు తోచనేలేదు.

ఆ రోజంతా కక్షగా రాశాను. అర పెసరట్టు. ఉప్పు చూడ్డానికి రెండుసార్లు కూర. పులిహోర గిన్నె అడుగున మిగిలిన రెండు ముద్దలు. నెయ్యి కాచిన గిన్నెలో గోకిన గోకుడు. టీ మరిగేలోపు గుప్పెడు మిక్చర్. అన్నీ నిలబడి తిన్నవే, మొత్తం 430 కేలరీలు. నాకు కోపమొచ్చింది, ఎవరి మీదో చెప్పలేను. మిగిలింది అమ్మ తినాలని మా ఇంట్లో ఎవరూ అనలేదు. అలాగని ఇంకెవరూ తినలేదు కూడా.

అప్పటి నుంచి కూర్చుంటే తప్ప తినకూడదని పెట్టుకున్నాను. వండే కొలతలు తగ్గాయి. సంక్రాంతికి అరిసెలు చేసినప్పుడు ఎనిమిది రోజులు యాప్ మొహం చూడలేదు, కిలోన్నర పెరిగాను. రెండు నెలలు పట్టింది అది దిగడానికి. మొత్తం పది నెలలకు 71కి వచ్చాను. షుగర్ 5.8, లివర్ గ్రేడ్ 1. "ఇంకా సరిహద్దులోనే ఉన్నారు, మానొద్దు" అన్నారు డాక్టరు గారు.

నిన్న రాత్రి అమ్మాయి సగం దోసె వదిలేసింది. మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచాను. పొద్దున మొహం ముడుచుకుని తనే తింది.