మా బడి పిల్లలతో ‘వరవిక్రయం’ ఆడించాను: నా అనుభవం

నిన్న రాత్రి తెర దించాం. నా గొంతు ఇంకా రాలేదు. అయినా మనసులో వేడి చల్లారకముందే రాయాలని కూర్చున్నాను.

కావలి దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతాను. ఈసారి వార్షికోత్సవానికి సినిమా పాట పెట్టి పిల్లలను గెంతించడం నాకు ఇష్టం లేకపోయింది. కాళ్లకూరి నారాయణరావు గారి ‘వరవిక్రయం’ ఎంచుకున్నాను. అది 1921 నాటి నాటకం. వరకట్న నిషేధ చట్టం 1961లో వచ్చింది. చట్టానికి నలభై ఏళ్ల ముందే ఆయన పెళ్లికొడుకును సంత సరుకులా నిలబెట్టి జనాన్ని నవ్వించారు. యాభై నిమిషాలకు కుదించి పన్నెండు పద్యాలు ఉంచాను. కట్నం పెళ్లి ఇష్టం లేని పెద్ద కూతురు కాళింది బావిలో దూకడం మాటల్లోనే చెప్పించాను. వేషాలకు అమ్మల చీరలు, తాతల పంచెలు సరిపోయాయి.

హార్మోనియానికి పాత నాటకాల పెద్దాయన ఒకరు దొరికారు. పెళ్లికొడుకు తండ్రి, పిసినారి లింగరాజు వేషం కట్టిన తొమ్మిదో తరగతి పిల్లవాడిది గొంతు మారే వయసు. పై స్వరం అందుకోబోతే చీలిపోయేది. పెద్దాయన శ్రుతి దించి, రాగం తీయవలసిన చోటల్లా తానే హార్మోనియం మీద పూరించి, వాడి చేత మాట స్పష్టంగా పలికించారు. పద్యం ఆడించేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. ముందు మాట వినపడాలి, రాగం తర్వాత.

ఇక అసలు సంగతి. ప్రదర్శనకు పది రోజుల ముందు ప్రధానోపాధ్యాయుడు గదికి పిలిపించారు. బడికి విరాళాలిచ్చే ఊరి పెద్ద అక్కడ కూర్చుని ఉన్నారు. నెల క్రితమే వాళ్లబ్బాయి పెళ్లయింది. కట్నం బేరం ఘట్టం తమ ఇంటి మీదే పెట్టానని ఆయన కోపం. నన్ను కూర్చోమనలేదు. అటెండరు, ఫీజు కట్టడానికి వచ్చిన ఇద్దరు తల్లులు గుమ్మంలో ఉన్నారు.

“ఏమ్మా, మీ నాన్నగారు మీ పెళ్లి ఊరికే చేశారా?” అని అడిగారు.

నోట మాట రాలేదు. విడవలూరు దగ్గర మా ఎకరం మాగాణి నా పెళ్లికే అమ్ముడుపోయింది. అబద్ధం చెప్పలేను, నిజం చెబితే ఆ గదిలో నాకు నిలువ నీడ ఉండదు. ప్రధానోపాధ్యాయుడు హాజరు పట్టీలోంచి తల ఎత్తలేదు. ఎదిగిన మనిషి, అందులోనూ ఉపాధ్యాయుడు, అలా తల దించుకోవడం నేను క్షమించను. ఊరి పెద్ద క్షమాపణ రాసివ్వమన్నారు. “ఆ ఘట్టం తీసేస్తే నాటకమే లేదు సార్. క్షమాపణ రాయను” అని మాత్రం అనగలిగాను. బయటికొచ్చి కుళాయి దగ్గర చాలాసేపు ముఖం కడుక్కున్నాను.

సాధన ఆగిపోయింది. మూడో రోజున హార్మోనియం పెద్దాయన ఆ ఇంటికి వెళ్లారు. ఆ పెద్దమనిషి తండ్రి శ్రీరామనవమి పందిట్లో ఇదే లింగరాజు వేషం కట్టేవారని, తానే హార్మోనియం వాయించానని గుర్తుచేశారట. మర్నాడు అటెండరుతో కబురొచ్చింది: “ఆడుకోమనండి.” అంతే. నాతో ఒక్క మాట లేదు.

మీరు నాటకం వేయిస్తే ప్రతి పుట మీద ప్రధానోపాధ్యాయుడి సంతకం ముందే తీసుకోండి. నోటి మాట నమ్మవద్దు.

నిన్న పన్నెండు పద్యాల్లో ఒక్కటీ తప్పలేదు. డబ్బు పోసి కొన్న మొగుడు తన సొత్తేనని కాళింది చెల్లెలు కమల వాదించినప్పుడు ఆడవాళ్ల వైపు నుంచి లేచిన చప్పట్లకు తర్వాతి మాట వినపడలేదు. ఆ పెద్దమనిషి ముందు వరుసలోనే చివరిదాకా కూర్చున్నారు.

నాన్న కూడా వచ్చారు. బస్సు వేళయి మధ్యలోనే వెళ్లిపోయారనుకున్నాను. తెర వెనక్కి వెళితే, లింగరాజు పిల్లవాడిని బల్ల మీద కూర్చోబెట్టుకుని, కొబ్బరినూనె అద్దిన గుడ్డతో వాడి ముఖం రంగు తుడుస్తున్నారు.