కాసిమేడు రేవులో ఫ్లోరిడా సొరచేప పళ్ళు

చెన్నైలో అక్కావాళ్ళుండేది రాయపురం. అక్కడికి కాసిమేడు చేపల రేవు నడిచి వెళ్ళే దూరమే. ఈసారి నెల్లూరు నుంచి రైలెక్కింది ఆ రేవు కోసమే. మా మేనకోడలు అమెరికా నుంచి వచ్చినప్పుడు ఫ్లోరిడాలోని వెనిస్ తీరంలో ఇసుక జల్లెడ పట్టి ఏరిన, రాయిగా మారిన సొరచేప పళ్ళ డబ్బా తెచ్చి అక్క దగ్గర పెట్టింది. ఏ పన్ను ఏ సొరదో తేల్చి పేర్లు పెట్టే పని నాది.

పళ్ళన్నీ నలుపు, బూడిద రంగు. ఆ రంగు వయసును చెప్పదు. ఏ మట్టిలో కూరుకుపోయిందో ఆ మట్టిలోని ఖనిజాలు పంటిలోకి దిగితే వచ్చే రంగది. సొర అస్థిపంజరమంతా మృదులాస్థి, తొందరగా కుళ్ళిపోతుంది. బతికినన్నాళ్ళూ వేలకొద్దీ రాలే పళ్ళే మిగులుతాయి.

రాత్రి దీపం కింద పోసుకుని కూర్చున్నాం. టైగర్ షార్క్‌ది వెంటనే తెలుస్తుంది: ఒక పక్కకి వాలి, వెనక అంచున లోతైన నొక్కు, ముతక రంపం. లెమన్ షార్క్‌ది సన్నటి కొన, నున్నటి అంచు, అడ్డంగా చాచిన వేరు. చిక్కంతా రెండు కుప్పలతోనే. ఒకటి వెడల్పాటి పళ్ళు, అంచుల్లో పెద్ద పెద్ద రంపపు కోరలు, కొస మాత్రం నున్నగా. అది హెమిప్రిస్టిస్ సెర్రా అనే సొర జాతిది, అనుమానం లేదు. రెండోది సన్నగా కొంకి తిరిగిన పళ్ళు, మొదలు దగ్గర చిన్న ముళ్ళు. వీటి మీద మేనకోడలు 'శాండ్ టైగర్' అని, అంటే ఇంకో రకం సొర పేరు రాసి, చీటీ అంటించింది. వేరు లోపలివైపు అంత ఉబ్బెత్తుగా ఉండటం నాకు నప్పలేదు.

తెల్లవారకముందే బావా నేనూ రేవుకెళ్ళాం. వేలంపాట గోల, ఐసు పెట్టెలు, కాళ్ళ కింద నీళ్ళు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడి పడవల మీద పనిచేసే ఒకతను నా చేతిలో పన్ను చూసి, "ఇదేటి బాబూ, సొర పన్నే గానీ ఇంత నల్లగుందేటి?" అన్నాడు. కథంతా విన్నాక, ఓ బారెడు సొర నోరు రెండు చేతులా తెరిచి చూపించాడు. కార్కరైనస్ అనే సొరల ప్రజాతి తరహాది. పై దవడలో వెడల్పాటి రంపపు పళ్ళు, కింది దవడలో సన్నగా నిటారుగా ఉన్నవి. వాటి వెనకే లోపలికి ముడుచుకుని కొత్త పళ్ళు వరసలు కట్టి ఉన్నాయి. విడివిడిగా ఇస్తే రెండు వేర్వేరు సొరలవనే అనుకుంటాం.

నా రెండు కుప్పల సంగతీ అదే. వెడల్పువి హెమిప్రిస్టిస్ పై దవడవి, కొంకివి కింది దవడవి. శాండ్ టైగర్‌కైతే కిరీటం, అంటే వేరుకి పైన ఉండే పంటి భాగం, పొడవాటి సూదిలా ఉండి, రెండు పక్కలా స్పష్టంగా బుల్లి కోరలుంటాయి. హెమిప్రిస్టిస్ సెర్రా అంతరించింది. దాని దగ్గరి చుట్టం హెమిప్రిస్టిస్ ఎలాంగాటా ఇప్పటికీ మన హిందూ మహాసముద్రంలో ఉంది, అట్లాంటిక్‌లో లేదు. అక్కడ రాయైపోయిన సొర వంశం ఇక్కడ ఈదుతోందని తెలిశాక నాకు ఒళ్ళు పులకరించింది. ఆ రోజు రేవుకి మాత్రం ఎలాంగాటా రాలేదు.

మనకూ ఈ సంపద తక్కువేం కాదు. తమిళనాడులోని అరియలూరు ప్రాంతంలో క్రెటేషియస్ (డైనోసార్లున్న చివరి యుగం) సముద్రపు పొరల్లోనూ, ఒడిశాలో బారిపద దగ్గర మయోసీన్ (డైనోసార్లు పోయాక చాలా కాలానికి వచ్చిన యుగం) పొరల్లోనూ సొరపళ్ళు దొరికాయి.

మధ్యాహ్నం మేనకోడలికి ఫోన్ చేశాను. నమ్మలేదు, వేర్ల ఫోటోలు అన్ని వైపుల నుంచీ తీసి పంపమంది. పంపాక ఒప్పుకుంది. అలల్లో దొర్లి అంచులూ వేరూ అరిగిపోయినవి కొన్ని మిగిలాయి. వాటికి పేరు పెట్టలేదు. 'సొర, వెనిస్ తీరం' అని మాత్రం రాసి డబ్బాలో వేశాం.