ఫార్మాట్ చేసే ముందు: తీగ ఉన్న కీబోర్డు, పిల్లల రెండు భాషలు

ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం వైపు తెలుగు ఇళ్ళలో ఒకే కంప్యూటర్ రెండు భాషలు మోస్తుంది. బడి పని ఒడియాలో, శ్రీకాకుళంలో ఉన్న అమ్మమ్మకు ఉత్తరం తెలుగులో. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది కాబట్టి చాలా ఇళ్ళలో ఇప్పుడు కొత్త విండోస్ వేసే పని పడింది. ఆ పనిలో రెండు ఇబ్బందులు వస్తాయి. మధ్యలో వైర్‌లెస్ కీబోర్డు పలకదు. అంతా అయ్యాక చూస్తే తెలుగు, ఒడియా కీబోర్డులు (టైపు చేసే అక్షరాల అమరికలు) కనిపించవు.

ముందు మీ కీబోర్డు ఏ రకమో చూసుకోండి. చిన్న యూఎస్‌బీ రిసీవర్‌తో పనిచేసేదైతే దాదాపు భయం లేదు. కీబోర్డుకూ రిసీవర్‌కూ మధ్య జత ఆ రెండింటిలోనే నిల్వ ఉంటుంది. కంప్యూటర్‌కు ఆ రిసీవర్ మామూలు యూఎస్‌బీ కీబోర్డులాగే కనిపిస్తుంది. అందుకే విండోస్ లేకపోయినా బయాస్‌లో (విండోస్ కంటే ముందు వచ్చే కంప్యూటర్ సొంత సెట్టింగుల తెర), ఇన్‌స్టాలర్‌లో పనిచేస్తుంది. బ్లూటూత్ కీబోర్డు సంగతి వేరు. దాన్ని కలిపేది ఆపరేటింగ్ సిస్టమ్, అంటే విండోస్. అది ఇంకా లోడ్ కాని బయాస్ తెరమీద చాలా పీసీల్లో బ్లూటూత్ కీబోర్డు ఉన్నా లేనట్టే. రెండు విధాలుగానూ పనిచేసే కీబోర్డయితే దాని బటన్‌ను రిసీవర్ ఛానల్‌కు మార్చి మొదలుపెట్టండి.

ఏ రకమైనా సరే, తీగ ఉన్న మామూలు యూఎస్‌బీ కీబోర్డు ఒకటి ఇంట్లో ఉండాలి. మూడు నాలుగు వందల రూపాయల వస్తువు, ఈ పనికి అంతకంటే నమ్మకమైనది లేదు. మౌస్ పోయినా ఫర్వాలేదు. టాబ్, బాణం కీలు, స్పేస్, ఎంటర్‌తో ఇన్‌స్టాలర్ మొత్తం నడపవచ్చు.

బూట్ మెనూ (కంప్యూటర్ దేనినుంచి మొదలవ్వాలో ఎంచుకునే జాబితా) దగ్గర చాలామంది ఆగిపోతారు. డెల్, లెనోవో, ఏసర్‌లలో సాధారణంగా ఎఫ్ 12, హెచ్‌పీలో ఎఫ్ 9 నొక్కాలి. వైర్‌లెస్ కీబోర్డుల్లో పై వరస కీలు తరచూ శబ్దం, వెలుతురు మార్చే పనికే పెట్టి ఉంటాయి, కాబట్టి ఎఫ్ఎన్ కూడా కలిపి నొక్కాలి. పైగా బ్యాటరీ ఆదా కోసం కీబోర్డు నిద్రపోతుంది, మొదటి నొక్కు దాన్ని లేపడానికే సరిపోతుంది. పవర్ బటన్ నొక్కగానే ఆ కీని ఆపకుండా టకటకా కొడుతూ ఉండండి. బయాస్‌లో ఫాస్ట్ బూట్ ఆన్‌లో ఉంటే యూఎస్‌బీ పరికరాలు మేల్కొనే లోపే ఆ తెర దాటిపోవచ్చు. అప్పుడు పాత విండోస్ ఇంకా నడుస్తుంటే షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కండి. వచ్చే నీలం తెరలో ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, యూఈఎఫ్‌ఐ ఫర్మ్‌వేర్ సెట్టింగ్స్ ఎంచుకుంటే నేరుగా బయాస్‌లోకి వెళ్తుంది.

ఇంకో చిక్కు కంటికి కనపడదు. ఇన్‌స్టాల్ చేసే పెన్‌డ్రైవ్ యూఎస్‌బీ 3.0 అయితే, డేటా నడుస్తున్నంతసేపూ 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో రేడియో రొద పుట్టిస్తుంది. వైర్‌లెస్ రిసీవర్ పనిచేసేదీ అక్కడే. ఇంటెల్ 2012లోనే దీని గురించి పత్రం ప్రచురించింది. రెండూ పక్కపక్క పోర్టుల్లో ఉంటే మౌస్ బాణం ఆగి ఆగి కదులుతుంది, అక్షరాలు తప్పిపోతాయి. రిసీవర్‌ను రెండో వైపు పోర్టులో పెట్టండి, లేదా చిన్న ఎక్స్‌టెన్షన్ తీగతో దూరం జరపండి. బ్యాటరీలు మార్చినా బాగుపడని నత్తనడకకు చాలాసార్లు ఇదే కారణం.

పాత విండోస్ 7 డిస్కుతో ప్రయత్నించేవారికి ఒక్క మాట. అందులో యూఎస్‌బీ 3.0 డ్రైవర్లు లేవు, తీగ ఉన్న కీబోర్డు కూడా ఆ పోర్టుల్లో పలకదు. నల్లటి యూఎస్‌బీ 2.0 పోర్టులో పెట్టాలి. ఎలాగూ దాని మద్దతు 2020 జనవరిలోనే ముగిసింది, పిల్లలు నెట్ వాడే మిషన్‌కు అది వద్దు.

బయాస్‌లో మార్పులు చేశాక, డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ తెర వచ్చి 48 అంకెల రికవరీ సంఖ్య అడగవచ్చు. అది మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉందేమో ముందే చూసి కాగితం మీద రాసుకోండి. ఆ తెర దగ్గర బ్లూటూత్ కీబోర్డు మాత్రమే ఉన్నవాళ్ళు అక్కడే ఇరుక్కుంటారు.

పెన్‌డ్రైవ్ కనీసం 8 జీబీ ఉండాలి. డిస్కు తుడిచే ముందు పిల్లల ఫోటోలు, బడి ఫైళ్ళతో పాటు ఫాంట్లు కూడా దాచండి. పాత పెళ్ళి శుభలేఖలు, తెలుగు సంఘం కరపత్రాలు అను ఫాంట్లలో ఉంటే, ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో అవి అర్థంలేని ఇంగ్లీషు గుర్తులుగా తెరుచుకుంటాయి. గౌతమి ఫాంట్‌లో రాసినవి పాడుకావు కానీ రూపం మారుతుంది. విండోస్ 10 నుంచి గౌతమి విడిగా చేర్చుకోవాల్సిన ఫాంట్. ముందే ఉండే నిర్మలా యూఐలో తెలుగు, ఒడియా రెండూ కనిపిస్తాయి.

ఇన్‌స్టాలర్ కీబోర్డు అడిగినప్పుడు యూఎస్ ఎంచుకోండి. పొరపాటున యూకే పడితే షిఫ్ట్ 2 కొడితే అట్ గుర్తు బదులు కొటేషన్ గుర్తు వస్తుంది, పాస్‌వర్డ్ తప్పంటుంది. రెండో కీబోర్డు చేర్చమంటే అప్పటికి వద్దనండి. డెస్క్‌టాప్ వచ్చాక సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్‌కు వెళ్ళి తెలుగు, ఒడియా చేర్చండి. దీనికి నెట్ కావాలి. వైఫై డ్రైవర్ ఇంకా పడకపోతే ఫోన్‌ను తీగతో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ పెట్టండి. భాషలు మార్చడానికి విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కాలి. లాగిన్ తెరమీద పాస్‌వర్డ్ పడకపోతే ముందు కింది మూల ఏ భాష ఉందో చూడమని పిల్లలకు నేర్పండి.

తెలుగుకు రెండు రకాల కీబోర్డులుంటాయి: ఫొనెటిక్ (ఇంగ్లీషు అక్షరాలతో కొట్టేది), ఇన్‌స్క్రిప్ట్ (భారతీయ లిపులకు ఉమ్మడి అమరిక). ఫొనెటిక్ తేలిక. కానీ దానితో పిల్లలు ప్రతి తెలుగు మాటనూ ముందు ఇంగ్లీషు స్పెల్లింగ్‌గా ఊహించుకుంటారు. ఒడియా బడిలో చదివే పిల్లలకు ఇన్‌స్క్రిప్టే మేలని మా గట్టి అభిప్రాయం. అందులో ఒకే ధ్వనికి రెండు భాషల్లోనూ ఒకే కీ. కె నొక్కితే తెలుగులో క, ఒడియాలోనూ ఆ క. హెచ్ నొక్కితే ప, సి నొక్కితే మ. తెలుగులో ‘అమ్మ’కు షిఫ్ట్ డి, సి, డి, సి. ఒడియాలో ‘మా’కు సి, ఇ. ఒక భాషలో అలవాటైన వేళ్ళు రెండో భాషలో సగం దారి తామే వెళ్తాయి.

తేడా వచ్చేది ఒకచోట. ఒడియా లిపిలో హ్రస్వ ఎ, ఒ లేవు. అందుకే ఈ పిల్లలు ‘చెప్పు’ను ‘చేప్పు’ అనీ, ‘కొడుకు’ను ‘కోడుకు’ అనీ రాస్తారు. అది అశ్రద్ధ కాదు, వాళ్ళ బడి లిపి వాళ్ళకు ఆ తేడా చూపించలేదు. ఇన్‌స్క్రిప్ట్‌లో ఎత్వానికి జెడ్ కీ, ఒత్వానికి ఎడమ పైమూలన ఒకటి అంకె పక్క కీ. ఏత్వానికి ఎస్ కీ, ఓత్వానికి ఇంగ్లీషు A కీ. ఆ నాలుగు కీల మీద రంగు స్టిక్కర్లు అంటించి, హ్రస్వానికి ఒక రంగు, దీర్ఘానికి ఇంకో రంగు పెట్టండి. వైర్‌లెస్ కీబోర్డుకూ, తీగ కీబోర్డుకూ రెంటికీ అంటించండి.